పెదవి దాటని మాటకు మెదడు నుంచి ఒక దారి

చిత్తూరు జిల్లా పలమనేరులో ఒక ఇల్లు ఊహించుకుందాం. ఇంటి పెద్దకు యాభై దాటాయి. ఆరు నెలలుగా మాట ముద్దగా వస్తోంది. ఫోనులో మాట్లాడితే అవతలివాళ్ళు రెండోసారి అడుగుతున్నారు. బజారులో ఎవరో తాగొచ్చాడనుకున్నారు. ఇంట్లోవాళ్ళు పక్షవాతమేమో అని భయపడ్డారు. ఆ తర్వాత నీళ్ళు తాగితే పొలమారడం మొదలైంది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్ళు సహకరించడం లేదు. ఊళ్ళో డాక్టరు చూసి నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నారు.

ఈ విషయంలో పలమనేరుకు ఒక వెసులుబాటు ఉంది. ఊరు బెంగళూరు–చెన్నై దారిలో ఉంది. ఒక దిక్కున బెంగళూరు నిమ్‌హాన్స్, ఇంకో దిక్కున వేలూరు సీఎంసీ, మరో దిక్కున తిరుపతి స్విమ్స్. మన దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగం 1949లో మొదలైంది ఆ వేలూరులోనే. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఈ మూడు ఆసుపత్రుల్లో దేనికైనా చేరుకోవచ్చు.

పరీక్షలన్నీ అయ్యాక అక్కడ చెప్పే పేరు మోటార్ న్యూరాన్ వ్యాధి (కండరాలను కదిలించే నాడీకణాలు ఒక్కొక్కటిగా చనిపోయే జబ్బు). ఇందులో ఎక్కువగా కనిపించే రకాన్ని ఏఎల్ఎస్ అంటారు. ఫ్రాన్స్ వైద్యుడు శార్కో దీన్ని 1869లోనే వర్ణించాడు. ఇప్పటికీ నయం చేసే మందు లేదు. 1995లో అనుమతి పొందిన రిలుజోల్ అనే మాత్ర జబ్బు నడకను కొన్ని నెలలు మాత్రమే నెమ్మది చేస్తుంది. లక్షణాలు మొదలయ్యాక చాలామంది రెండు నుంచి ఐదేళ్ళు బతుకుతారు. పదిమందిలో ఒకరు పదేళ్ళు దాటుతారు.

చేతులు, కాళ్ళు పడిపోవడం పైకి కనిపించే బాధ. ఇంట్లోవాళ్ళను లోలోపల తినేసేది మాత్రం మాట పోవడం. మనిషికి అంతా వినిపిస్తుంది, అంతా అర్థమవుతుంది. స్పర్శ కూడా పోదు. చేతి మీద దోమ వాలితే తెలుస్తుంది, కుడితే నొప్పి తెలుస్తుంది. తోలుకోవడానికి చెయ్యి లేవదు. తోలమని చెప్పడానికి నోరు రాదు.

ఆ నోటికి బదులుగా మెదడు నుంచే మాటను బయటికి తెచ్చే యంత్రాలు ఇప్పుడు పరిశోధనశాలలు దాటి ఇళ్ళదాకా వస్తున్నాయి. వాటిని మెదడు–కంప్యూటర్ వారధి (మెదడు సంకేతాలను పట్టి కంప్యూటరుకు ఆజ్ఞలుగా మార్చే ఏర్పాటు) అనవచ్చు. అవి ఎలా పనిచేస్తాయి, తెలుగు మాట్లాడే మనిషికి ఎంతవరకు ఉపయోగపడతాయి, అవి వచ్చేలోగా పలమనేరు ఇంట్లో ఏం చేయొచ్చు అన్నదే ఈ వ్యాసం.

ముందు జబ్బు జరిగే తీరు చూద్దాం. మెదడు పైపొరలో ఒక నాడీకణం బయలుదేరి మెదడు కాండం దాకానో వెన్నుపాము దాకానో వస్తుంది. అక్కడ రెండో నాడీకణం ఆ కబురు అందుకుని కండరానికి చేరవేస్తుంది. నాలుక కదిలినా, వేలు వంగినా ఈ రెండు మజిలీల ప్రయాణమే. ఏఎల్ఎస్‌లో రెండు మజిలీల కణాలూ దెబ్బతింటాయి. కబురు అందని కండరం సన్నబడిపోతుంది. ఒక్క మినహాయింపు ఉంది. కంటిగుడ్లను తిప్పే కండరాలు చాలామందిలో చివరిదాకా పనిచేస్తాయి. ఈ మినహాయింపు మీదనే చాలా సాయాలు ఆధారపడి ఉన్నాయి.

మన దక్షిణాదికి సంబంధించిన ఇంకో రకం ఉంది. దాని పేరే మద్రాస్ మోటార్ న్యూరాన్ వ్యాధి. మద్రాసులో మీనాక్షిసుందరం, ఆయన సహచరులు 1970లో మొదటిసారి దాన్ని వివరించారు. తర్వాత నిమ్‌హాన్స్‌లో డాక్టర్ ఎం. గౌరీదేవి బృందం ఎంతోమంది రోగులను ఏళ్ళ తరబడి గమనించింది. రోగుల్లో ఎక్కువమంది తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, కేరళ వాళ్ళే. అంటే పలమనేరు సరిగ్గా ఆ జబ్బు కనిపించే ప్రాంతం నడుమ ఉంది. ఇది సాధారణంగా ముప్పై ఏళ్ళలోపు మొదలవుతుంది. చేతులు, కాళ్ళు ఒకవైపు ఎక్కువగా, ఒకవైపు తక్కువగా సన్నబడతాయి. ముఖం, నాలుక బలహీనపడతాయి. చాలామందికి చెవుడు వస్తుంది. ఒక ఊరట ఏమిటంటే ఇది నెమ్మదిగా నడుస్తుంది. మనిషి దశాబ్దాలు బతుకుతాడు. అందుకే ఇక్కడ మాట సంగతి మరీ ముఖ్యం. వినికిడి, మాట రెండూ తగ్గిన పాతికేళ్ళ మనిషి ముందు ఇంకా ఒక జీవితం ఉంది.

యంత్రాల దగ్గరికి వెళ్ళేముందు యంత్రం లేని ఒక పద్ధతి చెప్పుకోవాలి. ఇది అర్థమైతే అన్ని యంత్రాలూ అర్థమవుతాయి. పైగా ఇది ఈ రాత్రే మొదలుపెట్టగల పని.

ఒక అట్ట మీద మన హల్లులు రాయండి. క ఖ గ ఘ ఙ ఒక వరుస. చ ఛ జ ఝ ఞ రెండో వరుస. ట, త, ప వర్గాలు మరో మూడు వరుసలు. కింద య ర ల వ ళ, ఆ కింద శ ష స హ. అన్నిటికీ చివర అచ్చులు. క నుంచి మ దాకా ఐదు అడ్డవరుసలు, ఐదు నిలువువరుసలు. మన పెద్దలు నోట్లో శబ్దం పుట్టే చోటును బట్టి అక్షరాలను వర్గాలుగా పేర్చారు. ఆ పేర్పు మంచం పట్టిన మనిషికి ఇంతగా పనికొస్తుందని ఎవరూ అనుకుని ఉండరు. ఇంగ్లిషు అక్షరాలకు ఇలాంటి పేర్పు లేదు. వాళ్ళు గడులు కొత్తగా గీసుకోవాలి. మనకు బడిలో నేర్చినదే సరిపోతుంది.

ఇప్పుడు రోగి పక్కన కూర్చున్నవారు వరుసల పేర్లు చదువుతారు. క వరుస, చ వరుస, ట వరుస, త వరుస. తనకు కావలసిన వరుస రాగానే రోగి కన్ను ఆర్పుతాడు. తర్వాత ఆ వరుసలో అక్షరాలు చదువుతారు. త, థ, ద, ధ, న. మళ్ళీ కన్ను ఆర్పుతాడు. తర్వాత గుణింతం. న, నా, ని, నీ. మళ్ళీ కన్ను. నాలుగు, ఐదు, నాలుగు, మొత్తం పదమూడు పిలుపులకు ‘నీ’ అనే అక్షరం వచ్చింది. సెకనుకో పిలుపు అనుకుంటే పదమూడు సెకన్లు. ఇది నెమ్మదే. కానీ ఆ అక్షరం దగ్గరే భార్యో కూతురో ‘నీళ్ళా?’ అని అడుగుతారు. రోగి కన్ను ఆర్పి అవునంటాడు. మిగతా అక్షరాల పని తప్పింది.

ఈ చిన్న సంభాషణలో మూడు పనులు జరిగాయి. రోగి శరీరం నుంచి ఒక నమ్మదగిన సంకేతం వచ్చింది. ఆ సంకేతాన్ని అక్షరంగా మార్చే పట్టిక ఒకటి ఉంది. మిగతా మాటను ఊహించగల మనిషి ఒకరున్నారు. కోట్ల ఖర్చుతో తయారైన మెదడు యంత్రంలోనూ ఈ మూడే ఉంటాయి. కన్నార్పు స్థానంలో మెదడు సంకేతం వస్తుంది. అట్ట స్థానంలో సంకేతాన్ని విప్పే ప్రోగ్రాము వస్తుంది. ఊహించే కూతురి స్థానంలో భాషా నమూనా (ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో అంచనా వేసే ప్రోగ్రాము) వస్తుంది.

ఇంకో అపోహ తీర్చుకోవాలి. ఈ యంత్రాలు మనసులో మాట చదువుతాయని పత్రికల్లో వస్తుంటుంది. ఇప్పటిదాకా బాగా పనిచేసినవి చదివేది ఆలోచనను కాదు, ప్రయత్నాన్ని. మాట్లాడాలని ప్రయత్నించినప్పుడు నాలుకను ఇటు తిప్పు, పెదవులు మూయి అని మెదడులో ఆజ్ఞలు పుడతాయి. కింద కండరం కదలకపోయినా పైన ఆజ్ఞ పుడుతూనే ఉంటుంది. యంత్రం పట్టేది ఆ ఆజ్ఞను.

ఇక్కడ తెలివైన పాఠకుడికి ఒక సందేహం రావాలి. మెదడు పైపొరలో కణాలే చనిపోతుంటే ఆజ్ఞ ఎక్కణ్ణుంచి పుడుతుంది? కిందికి కబురు మోసే కణాలు దెబ్బతిన్నా, కదలికను రూపొందించే కణాలు ఆ పొరలో ఇంకా చాలా ఉంటాయి. జబ్బు ముదిరిన మనుషుల్లో కూడా సంకేతం వాడుకోదగినంత ఉందని ప్రయోగాల్లో తేలింది. అది ఎన్నాళ్ళు ఉంటుందన్న ప్రశ్నకు మళ్ళీ వస్తాను.

సంకేతాన్ని పట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి తల పైనుంచి. ఇంకోటి పుర్రె లోపలినుంచి.

తల పైనుంచి పట్టే పద్ధతి పేరు ఈఈజీ. జర్మనీలో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి మెదడు తరంగాలను ఇలా నమోదు చేశాడు. తల వెంట్రుకల మధ్య జిగురు రాసి చిన్న బిళ్ళలు అతికిస్తారు. మన ఆసుపత్రుల్లో ఈ పరీక్షకు నూనె లేకుండా తలంటుకుని రమ్మంటారు, ఎందుకంటే బిళ్ళ చర్మానికి బాగా ఆనాలి. అక్కడ దొరికే సంకేతం వోల్టులో పదిలక్షల వంతుల్లో కొన్ని పదులు మాత్రమే. కల్యాణమండపం గోడ బయట నిలబడి లోపలి మాటలు వినడం లాంటిది ఇది. తాళి కట్టేటప్పుడు మేళం హోరెత్తితే తెలుస్తుంది. ఫలానావాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో తెలియదు.

ఆ హోరును కూడా తెలివిగా వాడుకోవచ్చని 1988లో ఫార్వెల్, డోన్చిన్ అనే శాస్త్రవేత్తలు చూపారు. పలమనేరు బస్టాండులో మీరు పుంగనూరు బస్సు కోసం నిలబడ్డారనుకోండి. కండక్టర్లు కుప్పం, చిత్తూరు, మదనపల్లె అని అరుస్తుంటారు. అవి చెవిన పడి పోతుంటాయి. ‘పుంగనూరు’ అనగానే మీలో ఒక కదలిక వస్తుంది. ఎదురుచూసినది ఎదురైనప్పుడు సుమారు 300 మిల్లీసెకన్ల తర్వాత మెదడులో ఒక అల లేస్తుంది. దాన్ని పీ300 అంటారు. తెర మీద అడ్డం ఆరు, నిలువు ఆరు గడుల్లో అక్షరాలు పెట్టి వరుసలను మెరిపిస్తే, రోగి మనసు పెట్టిన అక్షరమున్న వరుస మెరిసినప్పుడు ఆ అల లేస్తుంది. కంప్యూటరు అడ్డవరుసను, నిలువువరుసను కలిపి అక్షరాన్ని కనిపెడుతుంది. మన అట్ట పద్ధతే ఇది. కన్నార్పాల్సిన పని ఒక్కటే తప్పింది.

ఈ రంగంలో తెలుగునేలకు సంబంధం ఉన్న పేరు ఒకటుంది. హైదరాబాదు కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయంలో చదువుకున్న రాజేశ్ పి. ఎన్. రావు అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. సింధు లిపి మీద ఆయన చేసిన పని చాలామందికి తెలుసు. మెదడు–కంప్యూటర్ వారధుల మీద విద్యార్థులకు ఆయన రాసిన పాఠ్యపుస్తకం 2013లో వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆయన ఒక ప్రయోగం చేశారు. తలకు ఈఈజీ టోపీ పెట్టుకుని కుడిచెయ్యి కదిపినట్టు ఊహించారు, కదపలేదు. ఆ సంకేతం క్యాంపస్‌లో వేరే భవనంలో కూర్చున్న సహచరుడు ఆండ్రియా స్టోక్కో తలకు చేరింది. అక్కడ అయస్కాంత తరంగం అందుకున్న ఆయన వేలు మీట నొక్కింది. చెయ్యి కదలకపోయినా ఆజ్ఞ పుడుతుందన్న మాటకు ఇంతకంటే సులువైన ఉదాహరణ నాకు దొరకలేదు.

తల పైనుంచి పట్టే పద్ధతిలో కోత లేదు, ప్రమాదం లేదు. వేగం మాత్రం తక్కువ. నిమిషానికి కొన్ని అక్షరాలు. రోజూ జిగురు రాయడం, తల కడగడం ఇంట్లోవాళ్ళకు అదనపు పని. అందుకే పరిశోధకులు గోడ దాటి మండపం లోపలికి వెళ్ళారు.

నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ వైద్యులు 2015లో ఏఎల్ఎస్ ఉన్న 58 ఏళ్ళ మహిళకు పుర్రె లోపల, మెదడు పైన కొన్ని బిళ్ళలు అమర్చారు. ఆమె చెయ్యి కదపడానికి ప్రయత్నిస్తే యంత్రం దాన్ని ఒక నొక్కుగా తీసుకుంటుంది. నిమిషానికి రెండు మూడు అక్షరాలే. అయినా అది పరిశోధకులు పక్కన లేకుండా ఇంట్లోనే వాడుకోగలిగిన యంత్రం. కంటిచూపును కనిపెట్టే పరికరం బయట ఎండలో పనిచేయనప్పుడు ఆమెకు ఇది ఆసరా అయింది.

ఆ తర్వాత అసలు మలుపు వచ్చింది. అక్షరాలు ఏరుకోవడం మాని, నేరుగా మాట్లాడే ప్రయత్నాన్నే పట్టాలనుకున్నారు. 2023లో స్టాన్‌ఫర్డ్ బృందం ఏఎల్ఎస్ ఉన్న పాట్ బెనెట్ అనే మహిళ ప్రయత్నించిన మాటలను నిమిషానికి 62 చొప్పున తెర మీదికి తెచ్చింది. నాలుగు మాటలకు ఒకటి తప్పుపోయేది. అదే ఏడాది జులైలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ఆసుపత్రిలో కేసీ హారెల్ అనే 45 ఏళ్ళ వ్యక్తికి శస్త్రచికిత్స చేశారు. ఆయనకూ ఏఎల్ఎస్సే. ఆయన మాట అలవాటున్నవాళ్ళకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు.

ఆయన మెదడులో మాట్లాడే కదలికలను నడిపే చోట నాలుగు చిన్న పలకలు పెట్టారు. ఒక్కో పలక కందిబద్ద కంటే చిన్నది. దాని మీద 64 సూదిమొనలు ఉంటాయి. ఒక్కోటి ఒకటిన్నర మిల్లీమీటరు పొడవు. మొత్తం 256 మొనలు చుట్టుపక్కల నాడీకణాల చిటపటలను వింటాయి. ఆయన మాట్లాడడానికి ప్రయత్నిస్తుంటే, సెకనుకు పన్నెండుసార్లు కంప్యూటరు ఒక ప్రశ్న వేసుకుంటుంది. ఈ క్షణాన పలకబోయిన ధ్వని ఏది? ఇంగ్లిషులో అలాంటి ధ్వనులు 39 అని లెక్క. ధ్వనుల వరుస నుంచి మాటను, మాటల వరుస నుంచి వాక్యాన్ని భాషా నమూనా ఏరుతుంది.

యంత్రం వాడిన మొదటి రోజే, అరగంట శిక్షణతో, యాభై మాటల పదకోశంలో తప్పులు దాదాపు లేవు. రెండో రోజు లక్షా పాతికవేల మాటల పదకోశంతో 90 శాతం సరిగా వచ్చింది. తర్వాతి నెలల్లో అది 97 శాతం దాటి నిలబడింది. వేగం నిమిషానికి ముప్పై పైచిలుకు మాటలు. మామూలు సంభాషణలో నిమిషానికి 160 దాకా ఉంటాయి కాబట్టి ఇది ఐదోవంతు. తెర మీద తన మాటలు సరిగా కనిపించినప్పుడు ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. కంప్యూటరు ఆ వాక్యాలను ఆయన సొంత గొంతుతోనే చదివింది. జబ్బుకు ముందు రికార్డయిన ఆయన మాటల నుంచి ఆ గొంతును తయారుచేశారు.

2025 జూన్‌లో అదే బృందం ఇంకో మెట్టు ఎక్కింది. మైత్రేయి వైరాగ్కర్ ముందుండి నడిపిన ఆ అధ్యయనంలో అక్షరాలు, పదకోశం లేకుండా మెదడు సంకేతం నుంచి నేరుగా శబ్దం తయారైంది. ఆలస్యం సెకనులో నలభయ్యో వంతు. హారెల్ ప్రశ్నను ప్రశ్నలా, నొక్కి పలికిన మాటను నొక్కి పలికినట్టే వినిపించగలిగాడు. చిన్న స్వరాలు పాడగలిగాడు. విన్నవాళ్ళకు సుమారు 60 శాతం మాటలు అర్థమయ్యాయి. యంత్రం లేకుండా ఆయన మాట్లాడితే అర్థమయ్యేది 4 శాతమే. తెలుగువాళ్ళుగా మనం ఈ ప్రయోగాన్ని ప్రత్యేకంగా గమనించాలి. ఎందుకో చెబుతాను.

పైన చెప్పినవన్నీ ఇంగ్లిషు లాంటి భాషల చుట్టూ కట్టినవి. తెలుగుకు వచ్చేసరికి లెక్కలు మారతాయి.

ముందు గడుల సంగతి. ఇంగ్లిషుకు 26 అక్షరాలు, పది అంకెలు కలిపితే సరిగ్గా 36 గడులు. మనకు అట్ట మీద రాసిన 34 హల్లులకు 12 గుణింతాలు వేస్తేనే 408 అవుతాయి. ఒత్తులు ఇంకా మిగిలాయి. అన్నీ ఒకే తెర మీద పెట్టలేం. అట్ట మీద చేసినట్టు అంచెలంచెలుగా ఏరుకోవాలి. రాయ్‌పుర్ ఎన్ఐటీలో దేవనాగరి లిపికి ఇలాంటి తెర మీద పరిశోధన జరిగింది. తెలుగు లిపి సమస్య కూడా ఆ కోవదే, తీరేదే.

పదకోశం సంగతి అంతకంటే చిక్కు. ‘వెళ్ళు’ అన్న క్రియకు ఇంగ్లిషులో ఐదు రూపాలతో పని జరిగిపోతుంది. మనకు వెళ్ళాను, వెళ్ళలేదు, వెళ్ళనివ్వండి, వెళ్ళాలనుంది, వెళ్ళొద్దన్నారుగా అంటూ ఒకే ధాతువు మీద ఎన్నో రూపాలు లేస్తాయి. లక్షా పాతికవేల మాటల జాబితా ఇంగ్లిషుకు దాదాపు సరిపోయింది. తెలుగుకు చాలదు. మాటలను ముక్కలుగా నేర్చే నమూనాలు కావాలి.

అసలు ప్రమాదం వాక్యం చివర ఉంది. ఇంగ్లిషులో కాదన్న మాట వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది. మనకు అవునో కాదో తేలేది చివరి అక్షరాల్లో. ‘గొంతు ఆపరేషన్ చేయించుకుంటాను’, ‘గొంతు ఆపరేషన్ చేయించుకోను’. రెండు వాక్యాలూ ఒక్కలాగే నడిచి చివర విడిపోతాయి. ఊహించే యంత్రం అక్కడ పొరపాటు పడితే మనిషి చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం వినిపిస్తుంది. అందుకే తెలుగు యంత్రం ఏది వచ్చినా, చివరి క్రియను రోగి మళ్ళీ ఒకసారి ఖాయపరిచే ఏర్పాటు అందులో ఉండి తీరాలని నా అభిప్రాయం. ఇంట్లో ఊహించే మనుషులకూ ఇదే నియమం. మాట పూర్తిచేసే తొందరలో అవునూ కాదూ మీరే నిర్ణయించకండి.

ఆ పైన యాస. పలమనేరులో ‘తినాలి’ అనరు, ‘తినల్ల’ అంటారు. ‘పోతున్నాను’ అనరు, ‘పోతా ఉండా’ అంటారు. ఒకే ఇంట్లో తెలుగు, తమిళం, కన్నడం, ఉర్దూ కలిసిపోయే ఊరు అది. పత్రికల తెలుగు చదివి నేర్చిన నమూనా ‘తినల్ల’ను తప్పుగా లెక్కగట్టి, రోగి నోట ఎన్నడూ రాని మాటలు ఆయన పేరిట పలుకుతుంది. డేవిస్ బృందం పదకోశం లేకుండా నేరుగా శబ్దం తయారుచేయడం మనకెందుకు ముఖ్యమో ఇప్పుడు తెలుస్తుంది. ఆ దారిలో ఏ యాస అయినా ఒకటే.

తెలుగుకు అనుకూలించే గుణం కూడా ఉంది. మనం పలికేదే రాస్తాం. ఇంగ్లిషులో ధ్వనుల నుంచి స్పెల్లింగుకు వెళ్ళాలంటే పదకోశం చేయి పట్టుకోవాలి. మనకు ధ్వని దొరికితే అక్షరం దాదాపు దొరికినట్టే. ఐఐటీ మద్రాసులో హేమా మూర్తి నాయకత్వంలో భారతీయ భాషలకు యంత్ర స్వరాలు తయారయ్యాయి, వాటిలో తెలుగు ఉంది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో తెలుగు మాటల సేకరణ మీద పని జరిగింది. మెదడు సంకేతాల దాకా రావడానికి ముందు కావలసిన మెట్లు ఇవి. వేలూరు, బెంగళూరు, తిరుపతి ఆసుపత్రుల్లో రోగులున్నారు. హైదరాబాదులో భాషా ఇంజనీర్లున్నారు. వీళ్ళు ఒకచోట కూర్చోవాలి. ఈ పని వేరే దేశంవాళ్ళు మన కోసం చేసిపెట్టరు.

హద్దుల గురించి కూడా చెప్పాలి. ఇది రాసే నాటికి మాట కోసం మెదడులో పెట్టే ఈ పలకలు డబ్బిచ్చి కొనుక్కునేవి కావు. పరిశోధనలో భాగంగా కొద్దిమందికే అమర్చారు. పుర్రె తెరవాలి, ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది. డేవిస్ యంత్రంలో తల పైకి తీగ వస్తుంది. పుర్రె తెరవకుండా రక్తనాళం ద్వారా పంపే స్టెంట్రోడ్ అనే పరికరాన్ని 2019లో మెల్‌బోర్న్‌లో మొదటిసారి అమర్చారు. దానితో చేయగలిగేది ఎంచుకోవడం, నొక్కడం వరకే.

ఎన్నాళ్ళు పనిచేస్తుందన్న ప్రశ్నకు ఉట్రెక్ట్ మహిళ అనుభవమే జవాబు. ఆమె ఏడేళ్ళు వాడింది. ఆరో ఏడు నుంచి సంకేతం బలహీనపడింది. యంత్రం చెడలేదు. జబ్బు మెదడును ఇంకా తినేయడమే కారణం కావచ్చని వైద్యులు 2024లో రాశారు. కంటిగుడ్డు కూడా కదలని దశలో ఉన్న ఒక రోగి అక్షరాలు ఏరుకున్నట్టు 2022లో ఒక అధ్యయనం వచ్చింది. వేగం నిమిషానికి ఒక అక్షరం. ఆ బృందంలో ఇద్దరి పాత పరిశోధనపత్రాలు రెండు 2019లో ఉపసంహరణకు గురయ్యాయి కాబట్టి, అది మరొకరి చేతిలోనూ రుజువయ్యేదాకా ఆగి చూడడం మంచిది. ఇంకో నిజం కూడా ఉంది. ఏఎల్ఎస్‌లో బుద్ధి ఎప్పుడూ చెక్కుచెదరదనే మాట పూర్తిగా సరికాదు. సగం మందిలో ఆలోచనలోనో ప్రవర్తనలోనో కొంత మార్పు వస్తుంది. ఏ యంత్రమైనా ఎంచుకునేముందు ఆ పరీక్ష కూడా చేయించాలి.

గోప్యత సంగతి. ప్రయత్నించకుండా లోలోపల అనుకున్న మాటలను కూడా కొంతవరకు పట్టవచ్చని 2025 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపారు. అక్కడే ఆగకుండా వాళ్ళు ఒక తాళం కూడా పెట్టారు. రోగి ముందుగా నిర్ణయించిన సంకేతపదాన్ని మనసులో అనుకుంటేనే యంత్రం వినడం మొదలుపెడుతుంది. మనసులో మాట బయటపడకుండా చూసే ఏర్పాటు యంత్రం పుట్టినప్పుడే ఉండాలి. తర్వాత తగిలించుకోవచ్చులే అనుకునే విషయం కాదు ఇది.

మరి ఇప్పుడు ఆ పలమనేరు ఇంటికి ఏమున్నాయి? కంటిచూపుతో తెర మీద అక్షరాలు ఎంచుకునే పరికరాలు ఉన్నాయి. మాటకోసం ప్రత్యేకించి తయారైన వాటి ధర లక్షల్లో ఉంటుంది. మామూలు ఆండ్రాయిడ్ ఫోనులో పనిచేసే ‘లుక్ టు స్పీక్’ లాంటి ఉచిత యాప్‌లు ఉన్నాయి. చూపును అటూ ఇటూ తిప్పి వాక్యం ఎంచుకోవచ్చు. స్టీఫెన్ హాకింగ్ 1985లో మాట పోగొట్టుకున్నాక మూడు దశాబ్దాలకు పైగా మనతో మాట్లాడాడు. చివరి ఏళ్ళలో ఆయనకు మిగిలింది చెంపలో ఒక కండరం కదలిక. మెదడులో ఏ పలకా లేదు. నమ్మదగిన కదలిక ఒక్కటి మిగిలినా దానితో మాట్లాడవచ్చు. దేనితో అన్నది ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు కలిసి వెతకాలి. ఆ సలహా మాట పూర్తిగా పోయాక కాకుండా, ముద్దబారినప్పుడే అడగండి. సదరం (వైకల్య) ధ్రువపత్రానికి కూడా అప్పుడే దరఖాస్తు పెట్టండి. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని రకాల జబ్బులతో మంచానికే పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది.

చివరగా ఒక పని అడుగుతాను. కేసీ హారెల్‌కు యంత్రం సొంత గొంతు తిరిగి ఇవ్వగలిగింది పాత రికార్డింగులు ఉండడం వల్ల. మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు అని తేలితే, ఆ వారంలోనే ఫ్యాను ఆపి, తలుపు మూసి, ఫోను ముందు పెట్టి వాళ్ళను మాట్లాడించండి. పుస్తకం చదివించడం ఒక్కటే చాలదు. పిల్లలను పేరుపెట్టి పిలవమనండి, కోప్పడమనండి, దండం పెట్టుకునేటప్పుడు అనే మాటలు అనమనండి, ‘తినల్ల’, ‘పోతా ఉండా’ అని తమ యాసలోనే చెప్పమనండి. ఏం మాట్లాడారో ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఆ ఫైలును ఇంకో ఇద్దరి ఫోన్లలోకి పంపి దాచండి.